రాత అక్కర్లేని పరీక్ష

ఒకటో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఏది తీసుకున్నా ఈ ప్రశ్న దాదాపు తప్పదు. ఒక బంతి బొమ్మ ఉంటుంది. పక్కన ‘బి’, ఆ తర్వాత చిన్న గీత, ఆపైన రెండు ‘ఎల్’లు. గీత మీద రావాల్సిన అక్షరం రాయాలి. ‘ఏ’ రాసిన పిల్లవాడికి మార్కు, ‘ఓ’ రాసినవాడికి సున్నా.

‘ఓ’ ఎందుకు రాశాడో ఎవరూ అడగరు. అడిగితే తెలుస్తుంది, వాడు ఆ మాటను లోలోపల పలికి చూసుకున్నాడని. ‘డాగ్’లోనూ ‘బాక్స్’లోనూ అలాంటి శబ్దానికే ‘ఓ’ రాయడం గుర్తొచ్చింది, ఇక్కడా అదే రాశాడు. విన్న శబ్దానికీ చూసిన అక్షరానికీ లంకె వేశాడన్నమాట. ఆరేళ్ల వయసులో చదవడం నేర్చుకోవడమంటే సగం ఇదే. ‘ఏ’ రాసినవాడు అసలు పలికి చూసే ఉండకపోవచ్చు. కాపీ పుస్తకంలో పేజీ నిండా రాసిన మాట రూపం గుర్తుంది, దించేశాడు. బంతి ఇటు విసరమని ఇంగ్లీషులో అంటే ఎవరు విసురుతారో, ఎవరు తెల్లమొహం వేస్తారో ఈ ప్రశ్న వల్ల ఇద్దరి గురించీ తెలియదు.

చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్తూ, పేపర్లు తయారుచేస్తూ, దిద్దుతూ చాలా ఏళ్లు గడిపినదాన్ని. నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు మొదటి రెండేళ్లు ఇంగ్లీషులో రాత పరీక్ష పెట్టకూడదు. పరీక్షే వద్దని కాదు, పరీక్ష కావాలి. అయితే అది చెవికీ నోటికీ పెట్టాలి. కాగితం మీద పెట్టే పరీక్ష ఆ వయసులో కొలిచేది చేతిరాతను, జ్ఞాపకాన్ని, ఇంట్లో పక్కన కూర్చుని చదివించేవాళ్ల ఓపికను. వీటిలో ఏదీ ఇంగ్లీషు కాదు.

అక్షరాలు రాకుండా భాష ఎలా వస్తుందని వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. రాసినట్టే పలికే లిపికి అలవాటుపడ్డ మనకు ఈ అనుమానం సహజం. అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు వస్తే తెలియని మాటనైనా తప్పు లేకుండా పైకి చదివేస్తాం. ఇంగ్లీషు దగ్గర ఆ ధైర్యం పనికిరాదు. ఉన్నవి 26 అక్షరాలు, పలకాల్సిన శబ్దాలు దాదాపు 44. ఒక్క ‘ఏ’ అక్షరమే క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, కార్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా పలుకుతుంది. యూరప్‌లో 13 భాషల పిల్లలు చదువు ఎలా నేర్చుకుంటున్నారో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. ఫిన్నిష్, గ్రీకు, జర్మన్ లాంటి భాషల్లో మొదటి తరగతి ముగిసేసరికే పిల్లలు పరిచయమున్న మాటల్లో నూటికి తొంభైకి పైగా సరిగ్గా చదివారు. స్కాట్లాండులో ఇంగ్లీషు చదువుకుంటున్న పిల్లలు అదే దశలో చదవగలిగింది మూడో వంతు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు, టీచర్లూ బద్ధకస్తులు కారు. ఆ లిపి సంగతే అంత.

ఆ స్కాట్లాండు పిల్లలకు ఉన్న పెద్ద ఆసరా ఒకటి మన చర్చల్లో ఎప్పుడూ రాదు. బడిలో అడుగుపెట్టేనాటికే వాళ్ల చెవుల్లో వేల ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. కూడబలుక్కుంటూ సగం మాట చదివితే మిగిలిన సగాన్ని తెలిసిన మాట వచ్చి అందుకుంటుంది. తప్పు చదివితే అలాంటి మాట లేదే అని వాళ్లకే అనిపిస్తుంది. ఇంగ్లీషు పరాయి భాష అయిన పిల్లవాడికి ఆ సాయం లేదు. ఎన్నడూ వినని మాటను, నిలకడ లేని లిపిలో, కొత్తగా పెన్సిల్ పట్టిన చేత్తో రాయమంటున్నాం. రాయలేకపోతే ఇంగ్లీషులో వెనకబడ్డాడని నివేదిక ఇస్తున్నాం. మూడు బరువులు ఒకేసారి వాడి తలకెత్తి, దేని కింద పడిపోయాడో కూడా చూడకుండా సున్నా వేస్తున్నాం.

మరి వినికిడి పరీక్ష ఎలా ఉంటుంది? నేను వాడే కాగితం ఒకటి వివరిస్తాను. ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో చిన్న పిల్లల కోసం మొదలుపెట్టిన ఇంగ్లీషు పరీక్షల్లో మొదటి మెట్టయిన స్టార్టర్స్‌లో ఇలాంటి ప్రశ్న ఉంటుంది. బొమ్మలో ఒక గది. గదిలో ఏడు బంతులు, అన్నీ రంగు వేయనివే. కుర్చీ కింద ఒకటి, కుర్చీ మీద ఒకటి, మంచం కింద ఒకటి, పెట్టెలో ఒకటి, తలుపు పక్కన ఒకటి, పిల్లి ముందు ఒకటి, అమ్మాయి చేతిలో ఒకటి. పిల్లల దగ్గర రంగు పెన్సిళ్లు ఉంటాయి. టీచరు మామూలు వేగంతో, మామూలు గొంతుతో, కుర్చీ కింద ఉన్న బంతి ఎరుపని ఇంగ్లీషులో చెప్తుంది. రెండోసారి చెప్తుంది. ఆగుతుంది.

ఆ ఆగిన క్షణాల్లో తరగతిని చూడాలి. ఒక పాప కుర్చీ మీది బంతికి ఎర్ర రంగు వేసింది. అంటే రంగు పేరు తెలుసు, కుర్చీ తెలుసు, ‘అండర్’ తెలియదు. ఇంకో పిల్లవాడు మంచం కింది బంతికి వేశాడు. వాడికి రంగూ తెలుసు, ‘అండర్’ కూడా తెలుసు, కుర్చీ అన్న మాట జారిపోయింది. మూడోవాడు ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకుని పక్కవాడి కాగితంలోకి తొంగి చూస్తున్నాడు. రంగు ఒక్కటే అందింది. నాలుగో పాప ఏ పెన్సిలూ ముట్టుకోలేదు. ఆ పాప దగ్గరికి వెళ్లి తర్వాత విడిగా చూడాలి. అర్థం కాలేదా, వినపడలేదా, తప్పు చేస్తానని భయమా అన్నది కాగితం చెప్పదు. ఒక్క వాక్యంతో ఇంత తెలిసింది. రేపు ఎవరికి ఏం చెప్పాలో కూడా తెలిసింది. ఖాళీలు పూరించే పేపరు ముప్పై దిద్దినా ఈ సమాచారం రాదు.

ఇందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఆరేళ్ల పిల్లలు బంతికి రంగు వేయమంటే అంచు దాటకుండా, తెల్లటి చోటు మిగలకుండా, నాలుక బయటపెట్టి మరీ వేస్తారు. మొదటి బంతి పూర్తయ్యేలోపు మూడు వాక్యాలు దాటిపోతాయి. అప్పుడు తప్పు వినడంలో జరిగింది కాదు, శ్రద్ధ ఎక్కువై జరిగింది. అందుకే, నింపనక్కర్లేదు, బంతి మీద ఒక్క గీత చాలు అని ముందే వాళ్ల భాషలో చెప్పి, ఒకటి గీసి చూపించాలి. తర్వాత నింపుకోవడానికి వేరే సమయం ఇస్తానని మాట కూడా ఇవ్వాలి, లేకపోతే ఒప్పుకోరు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని పిల్లలు కూడా తరగతిలో ఉండవచ్చు, ముఖ్యంగా మగపిల్లల్లో. ఆ రెండు రంగుల దగ్గరే ఎవరైనా మళ్లీ మళ్లీ తప్పుతుంటే ఇంగ్లీషును అనుమానించే ముందు కళ్లను అనుమానించాలి.

ఊహించి రాయడం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న తరగతుల్లో తప్పా ఒప్పా అని అడిగే ప్రశ్నలంటే పేపరు తయారుచేసేవాళ్లకు మహా ఇష్టం. దిద్దడం తేలిక కదా. అలాంటివి పది ఇస్తే, ఒక్క మాట కూడా అర్థం కాని పిల్లవాడు కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా ఆరు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చే అవకాశం నూటికి దాదాపు 38. ఇది లెక్క కట్టి చూసుకోగలిగిన విషయమే. ఏడు బంతుల్లో ఒకదాన్ని అదాటున పట్టుకోవడం దీనికంటే ఎంతో కష్టం.

ఇక మాట్లాడించడం. ఇది వినికిడి కంటే జటిలం, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. పెన్సిల్ పైకెత్తి ‘వాట్ ఈజ్ దిస్?’ అని అడుగుతాం. అది పెన్సిలని అడిగేవాళ్లకు తెలుసు, పిల్లవాడికి తెలుసు, అడిగేవాళ్లకు తెలుసన్న సంగతి కూడా పిల్లవాడికి తెలుసు. తెలిసిన విషయం పెద్దవాళ్లు అడిగారంటే ఏదో మెలిక ఉందని కొందరు పిల్లలు బిగుసుకుపోతారు. జవాబు రాకపోతే మనం మళ్లీ అడుగుతాం. సరైన జవాబు వచ్చినా గట్టిగా చెప్పమని ఒక్కోసారి రెండోసారి అడుగుతాం. పిల్లల మనస్తత్వం మీద పనిచేసినవాళ్లు దీన్ని ఎప్పుడో గమనించారు. రెండు వరసల్లో సమానంగా వస్తువులు పేర్చి, ఒక వరసను దూరంగా జరిపి, ఇప్పుడు దేనిలో ఎక్కువ ఉన్నాయని అడిగే ప్రసిద్ధ ప్రయోగం ఉంది. జరపకముందు ఒకసారి, జరిపాక ఒకసారి అడగడం దాని పద్ధతి. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు మొదటి ప్రశ్న తీసేసి, జరిపాక ఒక్కసారే అడిగి చూశారు. రెండుసార్లు అడిగినప్పటికంటే ఎక్కువ మంది పిల్లలు సరిగ్గా చెప్పారు. అదే ప్రశ్న మళ్లీ వచ్చిందంటే మొదటి జవాబు తప్పు కాబోలు అనుకోవడం పిల్లల తర్కం. టీచరు రెండోసారి ‘వాట్ ఈజ్ దిస్?’ అనగానే ‘పెన్సిల్’ అన్నవాడు ‘పెన్’ అనేది అందుకే.

నేను కావాలని తప్పు చెప్తాను. తరగతి మొత్తంలో నోరు విప్పని పిల్లవాడు ఒకడు ఉండేవాడు. అందరితో కలిసి పద్యంలా చదివేటప్పుడు పెదవులు కదిపేవాడు, ఒక్కడినే అడిగితే నేల చూపులు చూసేవాడు. వాడి ముందు పిల్లి బొమ్మ పెట్టి, చాలా నమ్మకంగా, ‘దిస్ ఈజ్ ఎ డాగ్’ అన్నాను. వాడు బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ చూపులో జాలి ఉంది. ‘నో. క్యాట్’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, రెండు చేతులూ చాచి, ‘డాగ్ బిగ్’ అన్నాడు. క్రియ లేదు, ‘ఎ’ లేదు, ‘ది’ లేదు. అయినా నా మాట విన్నాడు, కాదన్నాడు, కారణం చూపించాడు. ఇంగ్లీషులో వాదించాడు! రాత పేపరులో ‘డాగ్ బిగ్’ అని రాసి ఉంటే ఎర్ర సిరా పడేది.

నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరితో ఇలా కూర్చోవడం కుదిరే పనేనా అంటారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. కేంబ్రిడ్జి వాళ్లు కూడా స్టార్టర్స్ పిల్లలతో మాట్లాడేది మూడు నుంచి అయిదు నిమిషాలే. నలభై మందికి మొత్తం రెండు గంటలు. మిగతావాళ్లు బొమ్మకు రంగులు వేసుకుంటుంటే రోజుకు అయిదుగురిని పక్కకు పిలిచి మాట్లాడితే ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. నలభై రాత పేపర్లు తయారుచేయించి, అచ్చు వేయించి, కూర్చోబెట్టి రాయించి, దిద్ది, మార్కులు కూడి, పట్టికలో ఎక్కించడానికి పట్టే సమయం ఇంతకంటే తక్కువేమీ కాదు. సమయం లేకపోవడం అసలు అడ్డంకి కాదని నా అనుమానం. మూడు నిమిషాల మాటలకు ఆధారంగా చూపించడానికి కాగితం మిగలదు, అది అడ్డంకి. బడికి కాగితం కావాలి.

వ్యాకరణం ప్రశ్నల దగ్గర నాకు ఇంకా చిరాకు ఎక్కువ. ‘హి’ అని ఉంటుంది, తర్వాత ఖాళీ, బ్రాకెట్లో ‘గో’, ‘గోస్’. రెండో తరగతి పేపర్లలో ఇది కోకొల్లలు. హి, షి, ఇట్ వస్తే వెనక ‘ఎస్’ తగిలించమని పిల్లలకు సూత్రం నేర్పుతాం, వాళ్లు తగిలిస్తారు, పదికి పది వస్తాయి. విరామంలో అదే పిల్లవాడు పరుగెత్తుకొచ్చి ‘టీచర్, హి గో హోమ్’ అంటాడు. సూత్రం పేపరు దగ్గరే ఆగిపోయింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ చిన్న ‘ఎస్’ ఇంగ్లీషు పుట్టుభాష అయిన పిల్లలకు కూడా ఆలస్యంగానే వస్తుంది. అమెరికాలో రోజర్ బ్రౌన్ అనే పరిశోధకుడు ముగ్గురు పసిపిల్లల మాటలను ఏళ్ల తరబడి రికార్డు చేసి 1973లో ఫలితాలు ప్రకటించాడు. వాక్యాన్ని కూర్చే 14 చిన్న వ్యాకరణ అంశాలు ఏ వరసలో వచ్చాయో చూస్తే క్రియకు తగిలే ‘ఇంగ్’ అన్నిటికంటే ముందు, బహువచనం ‘ఎస్’ నాలుగో స్థానంలో, క్రియ చివర వచ్చే ‘ఎస్’ ఎక్కడో పదో స్థానం దగ్గర. మరుసటి ఏడాది డ్యూలే, బర్ట్ అనే పరిశోధకులు ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలనూ చైనీస్ మాట్లాడే పిల్లలనూ పోల్చి చూశారు. రెండు భాషలకూ పోలికే లేదు, అయినా ఇంగ్లీషు అంశాలు రెండు గుంపులకూ దాదాపు ఒకే వరసలో వచ్చాయి. ఆ వరసకు కారణాలేమిటన్న దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. పేపరు తయారుచేసేవాళ్లకు మాత్రం ఇందులో పనికొచ్చే సంగతి స్పష్టంగానే ఉంది. ఆలస్యంగా వచ్చేదాన్ని తొందరపడి అడిగితే బట్టీ మాత్రమే దొరుకుతుంది.

దీనికంటే అన్యాయం ఇంకొకటి. ‘వెంట్’ అనాల్సిన చోట పిల్లవాడు ‘గోడ్’ అంటాడు. ‘గో’కు ‘ఈడీ’ తగిలించాడు. మొన్నటిదాకా విన్నది విన్నట్టు ‘వెంట్’ అనే అనేవాడు. అమ్మానాన్నలు కంగారు పడతారు, వచ్చింది పోయిందని. పోలేదు, ముందుకు వెళ్లాడు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఒక వింత పక్షి బొమ్మ గీసి దానికి ‘వగ్’ అని లేని పేరు పెట్టి, ఇప్పుడు రెండు ఉన్నాయి, వీటిని ఏమంటారని పిల్లలను అడిగింది. వాళ్లు ‘వగ్స్’ అన్నారు. ఆ మాట ఎవరి నోటా విని ఉండరు కాబట్టి అది అనుకరణ కాదు, లోపల ఒక నియమం తయారై ఉంది. ‘గోడ్’ కూడా అలాంటిదే. చిలకలా అప్పజెప్పడం ఆపి సొంతంగా మాట కట్టడం మొదలుపెట్టాక వచ్చే తప్పు అది. ఎదుగుదలకు అంతకంటే మంచి గుర్తు ఆ వయసులో నాకు కనిపించదు. మన దిద్దుబాటులో దానికీ ఏమీ రాయని ఖాళీకీ ఒకటే సున్నా.

పరీక్ష మారితే బోధన దానంతట అదే మారుతుందని నేను అనుకోవడం లేదు. ఆ భ్రమ చాలామందికి ఉంది. శ్రీలంకలో 1980ల చివర కొత్త ఇంగ్లీషు పరీక్ష తెచ్చినప్పుడు తరగతి గదుల్లో ఏం జరుగుతోందో వాల్, ఆల్డర్సన్ అనే పరిశోధకులు గమనించి 1993లో రాశారు. ఏ పాఠాలు చెప్పాలన్నది పరీక్షను బట్టి మారింది, ఎలా చెప్పాలన్నది మాత్రం మారలేదు. అది పెద్ద పిల్లల పరీక్షే. చిన్న తరగతుల్లోనూ ఇదే జరుగుతుందని నా భయం. రేపు వినికిడి పరీక్ష పెడితే, ఏడు బంతుల బొమ్మనే ఇరవైసార్లు చేయించి, ఏ బంతికి ఏ రంగో బట్టీ పట్టించే బళ్లు ఉంటాయి. అందుకని బొమ్మ మారుతుండాలి, టీచరు రోజూ ఇంగ్లీషులో చెప్పే పనుల్లోంచే పరీక్ష పుట్టాలి. లే, తలుపు దగ్గరకు వెళ్లు, పుస్తకం కుర్చీ మీద పెట్టు. చేయించడం ద్వారా భాష నేర్పే ఈ పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలోనే ప్రచారంలోకి తెచ్చాడు. అందులో ఇంకో మేలు ఉంది. నోరు విప్పడానికి సిద్ధంగా లేని పిల్లలు కూడా అర్థమైందని చూపించగలరు.

కొలబద్దల సంగతి కూడా ఒక మాట. భాష ఎంత వచ్చో చెప్పడానికి ప్రపంచమంతా ఏ1, ఏ2 అని స్థాయిలు చెప్పుకుంటున్న యూరప్ కొలమానం 2001లో వచ్చింది. అది పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఏ1 స్థాయిలో రాయడం అంటే ఏమిటో చెప్తూ అందులో ఇచ్చిన ఉదాహరణ హోటల్లో దిగినప్పుడు నమోదు ఫారం నింపడం. ఏడేళ్ల పిల్లవాడు ఏ హోటల్లో గది అడుగుతాడు? ఏ1 కంటే కింద ఇంకో మెట్టును వివరంగా చేర్చింది 2018లోనే. పిల్లలకు స్థాయిలు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. స్టార్టర్స్‌లో పాస్, ఫెయిల్ లేకపోవడం, ఒక్కో భాగానికి అయిదు వరకు డాలు గుర్తులు ఇవ్వడం నాకు నచ్చింది. అక్షరాలు తారుమారు చేసి సరిగ్గా రాయమనే ప్రశ్న అక్కడా ఉంది, అది నచ్చలేదు.

చిన్న పిల్లలకు అసలు పరీక్షలే వద్దనేవాళ్లు ఈపాటికి నన్ను తమ జట్టులో కలుపుకొని ఉంటారు. కలవను. పరీక్ష లేని తరగతిలో హాయిగా దాక్కునేది వెనకబడ్డ పిల్లలే. అందరూ కలిసి పాట పాడుతుంటే నలభై గొంతుల్లో ఎన్నింటికి అర్థం తెలుసో చెప్పడం ఎవరి తరమూ కాదు. పాట అయ్యాక తరగతి ఎంత ఉత్సాహంగా ఉందో అని మురిసిపోతాం. ఆ ఉత్సాహంలో ఏడాది గడిచిపోతుంది, పెదవులు కదిపిన పిల్లవాడు పెదవులు కదుపుతూనే పై తరగతికి వెళ్లిపోతాడు. వాడిని పట్టుకోవాలంటే ఒంటరిగా కూర్చోబెట్టి చూడాల్సిందే. దానికి పరీక్ష అన్న పేరు పెట్టకపోతే నాకు అభ్యంతరం లేదు, మానేస్తేనే అభ్యంతరం.

నాకు పేచీ మార్కుతో. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉపాధ్యాయ శిక్షణలో అందరికీ చెప్తారు, ఆచరణలోకి మాత్రం రాదు. ఒక గుంపు పిల్లలకు వాళ్ల పని మీద వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు. ఇంకో గుంపుకు మార్కు మాత్రమే, మూడో గుంపుకు రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లకు వ్యాఖ్య వల్ల ఒరిగిందేమీ లేదు. మార్కు కనిపించాక కింద రాసింది ఎవరు చదువుతారు? పెద్దవాళ్లమే చదవం. ఆ ప్రయోగంలోని పిల్లలు మన ఒకటో తరగతి వాళ్లకంటే పెద్దవాళ్లు. మార్కు అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియని వయసులో దాన్ని ఇస్తే అది ఇంటికి చేరేవరకు ఒక అంకె, చేరాక తిట్టో ముద్దో.

ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిదన్న నమ్మకం ఈ తొందరంతటికీ వెనక ఉంది. రోజంతా చుట్టూ ఆ భాషే వినిపించే దేశానికి వలస వెళ్లిన పిల్లల విషయంలో, చాలా ఏళ్ల మీద చూస్తే, అందులో నిజం ఉంది. వారానికి మూడు నాలుగు పీరియడ్ల బడి ఇంగ్లీషుకు అది వర్తించదు. బార్సిలోనాలో కార్మెన్ మున్యోస్ అనే పరిశోధకురాలి బృందం ఎనిమిదేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ పదకొండేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ, ఇద్దరికీ సమానంగా గంటలు పూర్తయ్యాక పోల్చింది. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లే చాలా అంశాల్లో ముందున్నారు. పెద్ద పిల్లలకు నేర్చుకోవడం ఎలాగో అప్పటికే తెలుసు, పసివాళ్లకు తెలియదు. పసివాళ్లకు చేతగానిదల్లా తొందరే. వాళ్లను ముందే మొదలుపెట్టించి, మూడు నెలలకే కాగితం ముందు పెట్టి, ఎంత వచ్చిందో చూపించమనడం ఏ లెక్కన చూసినా పొసగదు.

మార్కుల బదులు నేను ఒక నోటుబుక్కు పెట్టుకుంటాను. ఒక్కో పేజీ ఒక్కొక్కరిది. విని చేస్తున్నది, ఒక మాటలో జవాబిస్తున్నది, రెండు మూడు మాటలు కలుపుతున్నది, విన్న మాటను చూసి గుర్తుపడుతున్నది అని నాలుగు వరసలు. మొదటిసారి కనిపించిన రోజు తేదీ, అన్న మాట అన్నట్టు రాసుకుంటాను. ‘డాగ్ బిగ్’ అలా అక్షరాలా నమోదైంది. ఎన్ని మార్కులని అడిగే అమ్మానాన్నలకు ఆ పేజీ చదివి వినిపిస్తే మొదట్లో తృప్తి ఉండదు. పక్కింటి పిల్లవాడితో పోల్చడానికి అంకె లేదు కదా. రెండు మూడుసార్లు చూశాక వాళ్లే, ఈసారి కొత్తగా ఏమన్నాడని అడుగుతారు.

మూడో ఏడాది నుంచి రాత పేపరు పెట్టవచ్చు. అందులో పిల్లలు అప్పటికే విని, పలికిన మాటలే ఉండాలి. స్పెల్లింగుకు విడిగా మార్కు ఉండాలి, అర్థం అడిగిన ప్రశ్నలో స్పెల్లింగు తప్పుకు కోత ఉండకూడదు. ప్రతి ప్రశ్నకు ముందు ఒకటి చేసి చూపించాలి. ఇక సూచనలు పిల్లల సొంత భాషలో ఉండాలి. ‘మ్యాచ్ ది ఫాలోయింగ్’ అన్న వరసనే పొందికైన అక్షరాలతో జవాబు చోట దించి, పేపరు ఇచ్చేసిన పిల్లలను నేను చూశాను. కింద ఉన్న బొమ్మలన్నిటికీ ఇంగ్లీషు పేర్లు వాళ్లకు వచ్చు. ఏం చేయమంటున్నారో చెప్పిన వాక్యమే రాలేదు.